32 కిలోమీటర్లు ఎవరి లెక్క?

మొదటిసారి ఫుల్ మారథాన్‌కి, అంటే 42 కిలోమీటర్ల పరుగుకి, రెడీ అవుతున్నవాళ్ళని కదిపి చూడండి, రేసు రోజు కంటే ఎక్కువగా వాళ్ళని భయపెట్టేది రేసుకి మూడు నాలుగు వారాల ముందు ట్రైనింగ్ ప్లాన్‌లో కనిపించే ఆ 32 కిలోమీటర్ల లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికంటే పొడుగు పరుగు. "నీకు 32 అయిందా?" అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కుంటారు, అయినవాళ్ళు గండం గట్టెక్కినట్టు ఊపిరి పీల్చుకుంటారు, కానివాళ్ళు పరీక్ష తప్పినట్టు దిగాలు పడిపోతారు. నేను చాలా ఏళ్ళుగా పరిగెడుతున్నాను, కొత్తగా వచ్చినవాళ్ళ పక్కన లాంగ్ రన్లు చెయ్యడం నాకు ఇష్టమైన పని, అలా చూసీ చూసీ నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఏంటంటే, ఈ 32 అనే అంకె మనలో చాలామందికి అవసరం లేదు, నెమ్మదిగా పరిగెత్తేవాళ్ళకైతే మేలు కంటే కీడే ఎక్కువ చేస్తోంది. లాంగ్ రన్‌ని గంటల్లో కొలుచుకోవాలి. ఎన్ని కిలోమీటర్లు వస్తే అన్ని.

ఇది బద్ధకస్తుల వాదన అనుకునేవాళ్ళు ఉంటారు, కాదు, కాస్త ఓపిగ్గా చదవండి.

అసలు 32 ఎందుకు? 30 ఎందుకు కాదు, 35 ఎందుకు కాదు? మైళ్ళలో లెక్కపెట్టుకునేవాళ్ళకి 20 మైళ్ళు అనేది రౌండ్ ఫిగర్, దాన్ని కిలోమీటర్లలోకి మారిస్తే 32.19 వస్తుంది, అంతే, 32 దగ్గరికి రాగానే ఒంట్లో కొత్తగా జరిగేది ఏమీ లేదు. ఆ మాటకొస్తే మారథాన్ దూరం కూడా అలా వచ్చిందే, 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ముందు ముగించడానికి వేసిన రూటు 26 మైళ్ళ 385 గజాలు వచ్చింది, 1921లో దాన్నే ప్రామాణికంగా ఖాయం చేశారు, అదే మన 42.195 కిలోమీటర్లు. సరే, రేసు అన్నాక అందరికీ ఒకే కొలత ఉండాలి, లేకపోతే టైమింగ్స్ పోల్చుకోలేం. ట్రైనింగ్‌కి ఆ అవసరం ఏముంది? ట్రైనింగ్‌లో నా పక్కవాడితో నాకు పోలికే లేదు కదా.

ఇప్పుడు కొంచెం లెక్క వేద్దాం. 2 గంటల 10 నిమిషాల్లో మారథాన్ ముగించే ఎలీట్ రన్నర్ లాంగ్ రన్‌లో కిలోమీటరుకి నాలుగు నిమిషాల చొప్పున, అంటే అతని లెక్కలో తాపీగా వెళ్ళినా, 32 కిలోమీటర్లు 2 గంటల 8 నిమిషాల్లో అయిపోతాయి. ఐదు గంటల్లో మారథాన్ ముగించాలనుకునే మనిషికి రేసు పేసే, అంటే వేగమే, కిలోమీటరుకి 7 నిమిషాల 7 సెకన్లు, లాంగ్ రన్ అంతకంటే నెమ్మదిగా చెయ్యాలి కాబట్టి 8 నిమిషాలు అనుకుందాం, అప్పుడు అదే 32 కిలోమీటర్లకి 4 గంటల 16 నిమిషాలు. సరిగ్గా రెట్టింపు! అడుగుల్లో చూస్తే, నిమిషానికి 180 అడుగులు వేసే ఆ ఎలీట్ రన్నర్ మొత్తం 23 వేల అడుగులతో ఇంటికెళ్ళిపోతాడు, నిమిషానికి 160 వేసే మన మనిషి 41 వేల అడుగులు వెయ్యాలి, పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగుకీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు భారం కాలి మీద పడుతుంది, వేగం తక్కువైతే అడుగుకి పడే భారం కాస్త తగ్గుతుందేమో గానీ అడుగుల సంఖ్యలో ఇంత తేడాని అది పూడ్చలేదు. పైగా ఆ ఎలీట్ రన్నర్‌కి వారానికి 160, 180 కిలోమీటర్లు అలవాటు, ఎముకలూ స్నాయువులూ ఏళ్ళ తరబడి గట్టిపడి ఉంటాయి. మన మనిషి ఉద్యోగం చేసుకుంటూ వారానికి 45 చేస్తున్నారు. మరి బరువైన పని ఎవరికి ఇచ్చినట్టు?

ఎలీట్ రన్నర్లు ఇంకా ఎక్కువ చేస్తారు కదా అనే మాట ప్రతిసారీ వస్తుంది. నిజమే, 2022 బెర్లిన్ మారథాన్‌ని 2:01:09లో పరిగెత్తిన ఎలియుడ్ కిప్‌చోగే కెన్యాలో కప్తగత్ దగ్గర ఒక గురువారం 30, ఇంకో గురువారం 40 కిలోమీటర్ల లాంగ్ రన్ చేస్తూ వచ్చాడు. కానీ ఆ 40 కూడా అతనికి రెండున్నర గంటల లోపు పని. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ సంగతి కూడా అంతే, ఆయన తన కుర్రాళ్ళందరితో ఆదివారం పూట కొండదారుల్లో 22 మైళ్ళు పరిగెత్తించేవాడు, 800 మీటర్ల రన్నర్ పీటర్ స్నెల్‌తో సహా, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800లో, ముర్రే హాల్బర్గ్ 5,000లో గోల్డ్ కొట్టారు, బారీ మేగీ మారథాన్‌లో కాంస్యం తెచ్చాడు. లాంగ్ రన్ విలువ ప్రపంచానికి అర్థమైంది ఆ గ్రూపు వల్లే అంటాను నేను. వాళ్ళ దగ్గర్నుంచి మనం తీసుకోవాల్సింది ప్రతి వారం మానకుండా, ఒంటికి అలవాటైన కష్టంతో గంటల తరబడి పరిగెత్తే పద్ధతిని. మనం మాత్రం మైళ్ళ అంకెని పట్టుకొచ్చుకున్నాం.

లాంగ్ రన్ ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే గంటల్లో ఎందుకు కొలవాలో దానంతటదే అర్థమవుతుంది. మన ఒంట్లో కండరాల్లోనూ లివర్‌లోనూ కలిపి దాచుకోగలిగే గ్లైకోజెన్, అంటే పిండిపదార్థాల నిల్వ, సుమారు 400 నుంచి 500 గ్రాములు, అంటే ఓ 2,000 కేలరీలు. పరుగుకి ఖర్చు ఉజ్జాయింపుగా కిలో బరువుకి కిలోమీటరుకి ఒక కేలరీ, 70 కిలోల మనిషికి 42 కిలోమీటర్లకి దాదాపు 2,950. ఉన్నది రెండు వేలు, కావల్సింది మూడు వేలు, మిగతాది కొవ్వు నుంచి రావాలి, దారిలో తాగే తినే వాటి నుంచి రావాలి. కొవ్వు నిల్వలు ఎంత సన్నటి మనిషిలోనైనా పుష్కలంగా ఉంటాయి, చిక్కేంటంటే కొవ్వు నుంచి శక్తి నిదానంగా వస్తుంది, అందుకే గ్లైకోజెన్ అడుగంటేసరికి పేస్ ఒక్కసారిగా పడిపోతుంది, 30 కిలోమీటర్లు దాటాక చాలామందికి ఎదురయ్యే, రన్నర్లు వాల్ (గోడ) అని పిలిచేది అదే. 1960ల్లో స్వీడన్‌లో బెర్గ్‌స్ట్రోమ్, హుల్ట్‌మన్ అనే పరిశోధకులు కండరంలోకి సూది దింపి చిన్న ముక్క తీసి, వ్యాయామానికి ముందూ తర్వాతా గ్లైకోజెన్ ఎంతుందో కొలిచి చూపించారు, కండరంలో ఎంత ఎక్కువ నిల్వ ఉంటే అంత ఎక్కువ సేపు లాగగలమని, ఖాళీ చేసి మళ్ళీ బాగా పిండిపదార్థాలు తింటే ముందుకంటే ఎక్కువ నిల్వ చేరుతుందని అప్పుడే తేలింది.

లాంగ్ రన్ చేసే పని ఇదే. నిల్వని కాస్త ఖాళీ చేసి, ఇంకొంచెం ఎక్కువ దాచుకోవడం ఒంటికి నేర్పుతుంది. కండరాల చుట్టూ సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి, దాంతో అదే పేస్‌లో కొవ్వు వాటా పెరిగి గ్లైకోజెన్ ఆదా అవుతుంది. 1967లో శాస్త్రవేత్త జాన్ హొలోజీ ఎలకల్ని వారాల తరబడి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి వాటి కండరాల్లో ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం దాదాపు రెట్టింపైందని చూపించాడు, ఓర్పు అనేది గుండెకీ ఊపిరితిత్తులకీ మాత్రమే సంబంధించింది కాదు, కాలి కండరం లోపలే ఒక పెద్ద మార్పు జరుగుతుందని దాంతో స్పష్టమైంది. ఇంకో సంగతి నాకు భలే ఇష్టం, మొదటి గంటలో పని చాలావరకు నెమ్మది కండర తంతువులే చూసుకుంటాయి, అవి అలిసిపోయేకొద్దీ, పేస్ పెరక్కపోయినా సరే, మామూలుగా వేగానికి మాత్రమే వాడే తంతువుల్ని కూడా ఒళ్ళు పనిలోకి దింపుతుంది. అంటే ఓపిగ్గా, మెల్లగా పరిగెడుతూనే, స్పీడ్‌వర్క్‌లో వాడే కండరానికి కూడా ఓర్పు నేర్పుతున్నామన్నమాట.

ఇప్పుడు గమనించండి, ఇందులో ఏదీ కిలోమీటరు రాయిని చూసి జరగదు. కండరానికి తెలిసేది ఎంత కష్టంతో, ఎంతసేపు పని చేశానన్నదే. తన మామూలు ఈజీ పేస్‌లో రెండున్నర గంటలు పరిగెత్తిన నెమ్మది రన్నర్‌కీ, తన ఈజీ పేస్‌లో రెండున్నర గంటలు పరిగెత్తిన ఫాస్ట్ రన్నర్‌కీ ఒంట్లో అందే సందేశం ఇంచుమించు ఒకటే, ఒకరు 19 కిలోమీటర్లు, ఇంకొకరు 35 వెళ్ళి ఉండొచ్చు గాక. మూడు గంటలు దాటగానే లాభం ఠక్కున ఆగిపోతుందని నేననను, అలా చెప్తే అబద్ధం అవుతుంది. కానీ మూడో గంట తర్వాత వచ్చే ప్రతి అరగంటకీ లాభం సన్నగిల్లుతూ, కండరాల డ్యామేజీ, ఎముకల మీద ఒత్తిడి, కోలుకోడానికి పట్టే రోజులు పెరుగుతూ పోతాయి. ఎముక విషయం మరీ జాగ్రత్తగా చూడాలి, కొత్త భారం పడ్డప్పుడు ఎముక ముందు పాత పదార్థాన్ని తొలగించుకుని తర్వాత కొత్తది కట్టుకుంటుంది, ఆ మధ్య కాలంలో అది తాత్కాలికంగా బలహీనంగా ఉంటుంది, సరిగ్గా అప్పుడే ఇంకో పెద్ద లాంగ్ రన్ పడితే స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నటి పగులు) దాకా పోవచ్చు. అప్పుడు అసలుకే ఎసరు, రేసే ఉండదు.

మా గ్రూపులో ఒక అమ్మాయి ఉంది, కిలోమీటరుకి ఎనిమిది నిమిషాల పేస్, మంచి ఓపిక. ఆ రోజు తన ప్లాన్‌లో 30 ఉంది, నేను పక్కన పరిగెడుతున్నాను. రెండున్నర గంటల దాకా తన అడుగుల చప్పుడు గడియారంలా ఒకే లయలో వినిపించింది. మూడు గంటలు కావస్తుండగా కుడి కాలు చప్పుడు మారింది, అప్పటిదాకా టప్ టప్ అని తేలిగ్గా పడేది పాదం మొత్తం ఒకేసారి నేలకి కొట్టుకుంటూ చప్ మని పడటం మొదలైంది. వెనకనుంచి చూస్తే ఎడమ కాలు గాల్లో ఉన్నప్పుడల్లా నడుము ఆ వైపుకి జారుతోంది, మోచేతులు పక్కలనుంచి ముందుకి రాకుండా ఛాతీకి అడ్డంగా ఊగుతున్నాయి, టోపీ అంచున చెమట ఆరి తెల్లటి ఉప్పు గీత కట్టింది. పరుగులో శక్తి కోసం తినే జెల్ పాకెట్ పళ్ళతో చింపబోయి చింపలేక నా చేతికిచ్చింది, వేళ్ళలో పట్టు లేదు.

"ఆపేద్దాం రా, వాచ్ ఆపెయ్" అన్నాను.

"ఇంకా ఏడే కదక్కా, ఎలాగోలా లాగేస్తా."

"లాగేస్తావు, నాకు తెలుసు. మళ్ళీ ఎప్పుడు పరిగెడతావు?"

"మంగళవారం ఉంది కదా..."

"ఇప్పుడు ఆపితే మంగళవారం పరిగెడతావు. ఇంకో గంట లాగితే మంగళవారం మెట్లు దిగడానికే గోడ పట్టుకుంటావు, గురువారం కూడా పోతుంది, ఏడు కిలోమీటర్ల కోసం వారం మొత్తం పోగొట్టుకుంటావా?"

తనకి నచ్చలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా, ఎందుకంటే ప్లాన్‌లో 30 అని రాసుంది. ఆ కన్నీళ్ళు చూసినప్పుడే ఈ వ్యాసం రాయాలనిపించింది నాకు. మూడు గంటల పాటు ఆగకుండా పరిగెత్తిన మనిషి, తెల్లారకముందే లేచి అంత పని చేసిన మనిషి, ఓడిపోయినట్టు ఎందుకు బాధపడాలి? ఒళ్ళు చెయ్యాల్సిన పని పూర్తి చేసింది, పేపర్ మీద అంకె ఒప్పుకోలేదు, అంతే కదా! ఆ మంగళవారం తను హాయిగా పరిగెత్తింది.

అడుగు చప్పుడు మారడం అన్న గుర్తు మీద నాకు వాచ్ కంటే ఎక్కువ నమ్మకం. అలిసిపోవడం వేరు, పరుగు తీరు చెదిరిపోవడం వేరు. అలుపు రావాలి, దానికోసమే వెళ్తున్నాం. తీరు చెదిరాక వేసే ప్రతి అడుగూ మోకాలికి, తుంటికి, పిక్కకి అలవాటు లేని కోణంలో పడుతుంది, పైగా ఆ తప్పు తీరునే ఒళ్ళు ప్రాక్టీస్ చేస్తుంది.

ఇక వేగం. లాంగ్ రన్ కడుపులో చల్ల కదలకుండా చెయ్యాల్సిన పని. పక్కవాళ్ళతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, రెండు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తుందంటే అది లాంగ్ రన్ కాదు, రేసు. చాలామంది దీనికి ఒప్పుకోరు, పరుగులు పంచుకునే స్ట్రావా యాప్‌లో పేస్ అందరికీ కనిపిస్తుంది కదా, నెమ్మదిగా కనిపిస్తే ఏమనుకుంటారో అని. ఏమీ అనుకోరు, అనుకున్నా వాళ్ళ కాళ్ళతో మనం పరిగెత్తం. ఎండెక్కాక ఇంకా జాగ్రత్త, చెమట పోయేకొద్దీ రక్తంలో ద్రవం తగ్గి, గుండె ఒక్కో కొట్టుకి పంపే రక్తం తగ్గుతుంది, లోటు పూడ్చడానికి ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది, అందుకే రెండో గంటలో పేస్ అదే ఉన్నా హార్ట్ రేట్ పైకి పాకుతుంది. అప్పుడు పేస్ కాపాడుకోవాలని పంతం పట్టకూడదు, కష్టం అదే ఉండేలా పేస్‌ని వదిలెయ్యాలి. కిలోమీటర్ల టార్గెట్ ఉన్న మనిషికి ఇది చేతకాదు, త్వరగా అయిపోతే బాగుండని తొందర వస్తుంది. గంటల టార్గెట్ ఉన్న మనిషికి తొందరపడి లాభమే లేదు, ఎంత వేగంగా పరిగెత్తినా రెండున్నర గంటలు రెండున్నర గంటలే. గంటల్లో కొలవమనడానికి నాకున్న అతి పెద్ద కారణాల్లో ఇదొకటి, ఒక్క కొలత మార్చుకుంటే పేస్ దానంతటదే సర్దుకుంటుంది, ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఏళ్ళుగా పరిగెడుతున్నవాళ్ళు చివరి ముప్పావుగంట మారథాన్ పేస్‌లో వెళ్తారు, అది మంచి ట్రైనింగే, కాదనను, కానీ మొదటి మారథాన్‌కి రెడీ అవుతున్నవాళ్ళకి దాని జోలి వద్దు.

నాతో వాదించేవాళ్ళు అడిగే ప్రశ్నల్లో బలమైనది ఇది: రేసు ఐదు గంటలు పడుతుందని తెలిసి మూడు గంటలే ప్రాక్టీస్ చేస్తే మిగతా రెండు గంటలు ఎవరు పరిగెడతారు? న్యాయమైన ప్రశ్న. 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాలోవే చెప్పే పద్ధతిలో లాంగ్ రన్ 26 మైళ్ళ దాకా కూడా పోతుంది, ఎన్నో వేలమంది అలా మారథాన్లు పూర్తి చేశారు, నేను దాన్ని కొట్టిపారెయ్యను. కానీ ఆ పద్ధతిలో మొదటి నిమిషాల నుంచే నడక బ్రేకులు ఉంటాయి, పేస్ రేసు కంటే బాగా నెమ్మదిగా ఉంటుంది, పెద్ద లాంగ్ రన్లు రెండు మూడు వారాలకోసారి మాత్రమే వస్తాయి. మనవాళ్ళు ఆ షరతులన్నీ వదిలేసి దూరం ఒక్కటీ తీసుకుంటారు, అక్కడ మొదటికే మోసం వస్తుంది. పద్ధతి మొత్తం పాటిస్తానంటే నాకు అభ్యంతరం లేదు.

మిగతా రెండు గంటల సంగతికి నా సమాధానం, ఆ రెండు గంటలు ఆదివారం లాంగ్ రన్ ఒక్కదాంట్లోంచి రావు, నెలల తరబడి చేసిన మొత్తం పరుగులోంచి వస్తాయి. ట్రైనింగ్‌లో లాంగ్ రన్‌కి వెళ్ళేటప్పుడు వారం అలసట కాళ్ళలో ఉంటుంది, రేసుకి వెళ్ళేటప్పుడు రెండు మూడు వారాలు పరుగు తగ్గించే టేపర్‌తో కాళ్ళు తేలిగ్గా ఉంటాయి, గ్లైకోజెన్ నిండుగా ఉంటుంది, దారి పొడుగునా నీళ్ళు, జెల్స్, చుట్టూ పరిగెత్తేవాళ్ళు ఉంటారు. అమెరికాలోని మిచిగన్‌లో కోచింగ్ ఇచ్చే హ్యాన్సన్ సోదరుల ప్లాన్‌లో అతి పెద్ద లాంగ్ రన్ 16 మైళ్ళే, అంటే 26 కిలోమీటర్లు లోపే, కానీ ముందు రోజుల పరుగులు కాళ్ళలో ఉండగానే అది చెయ్యాలి, మారథాన్ చివరి భాగంలో ఎలా ఉంటుందో అలా ఉండేట్టు. కాళ్ళ మీద ఎక్కువసేపు నిలబడే అలవాటు కావాలనుకుంటే శనివారం గంటన్నర, ఆదివారం రెండున్నర గంటలు పరిగెత్తండి, లేదా మూడు గంటల పరుగు అయ్యాక ఇంకో ముప్పావుగంట నడవండి, దాదాపు నాలుగు గంటలు కాళ్ళ మీద ఉన్నట్టే అవుతుంది, చివరి ముప్పావుగంట దెబ్బ మాత్రం ఉండదు. రేసులో నడక బ్రేకులు తీసుకునే ఆలోచన ఉంటే లాంగ్ రన్‌లోనే మొదటినుంచీ తీసుకుని అలవాటు చేసుకోండి, ఒళ్ళు హూనమయ్యాక నడవడం వేరు, ముందే లెక్క ప్రకారం నడవడం వేరు.

ధైర్యం మాటేంటి, 32 చూసినవాడికి రేసులో కొండంత ధైర్యం ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. కానీ ఆ 32లో మోకాలు పట్టేసి టేపర్ మొత్తం ఐస్ పెట్టుకుంటూ గడిపినవాళ్ళని, స్టార్ట్ లైన్ దాకా రాలేకపోయినవాళ్ళని కూడా చూశాను, వాళ్ళ ధైర్యం సంగతి ఎవరూ మాట్లాడరు. నా మట్టుకు నాకు వరసగా ఒక్క వారం కూడా చెడకుండా పరిగెత్తిన నాలుగు నెలలు ఇచ్చే ధైర్యమే ఎక్కువ.

వారం లెక్క అసలు మర్చిపోకూడనిది. వారానికి 45 కిలోమీటర్లు చేసే మనిషి ఆదివారం ఒక్కరోజే 32 చేస్తే వారంలో 70 శాతం పైన ఒక్క పూటలో పడింది. 1956, 1960 ఒలింపిక్స్‌లో మోడర్న్ పెంటాథ్లాన్ టీమ్ మెడల్స్ గెలిచి తర్వాత కోచ్ అయిన జాక్ డేనియల్స్ లెక్కలో లాంగ్ రన్ వారం మొత్తంలో 25 నుంచి 30 శాతం దాటకూడదు, రెండున్నర గంటలు దాటకూడదు, ఏది తక్కువైతే అది. వారానికి మూడు నాలుగు రోజులే పరిగెత్తగలిగేవాళ్ళకి ఆ శాతం కుదరదు, నిజం చెప్పాలంటే వాళ్ళకి సగం దాకా ఫర్వాలేదంటాను నేను, రెండున్నర గంటల హద్దుని కూడా మూడు గంటల దాకా సడలిస్తాను, ఎందుకంటే ఐదు గంటలు పరిగెత్తాల్సినవాళ్ళకి ఆ అదనపు అరగంట కాస్త పనికొస్తుంది. అంతకి మించి మాత్రం వద్దు. మూడు వారాలు కొంచెం కొంచెం పెంచి నాలుగో వారం బాగా తగ్గించుకుంటే ఎముకకీ కండరానికీ కట్టుకునే టైమ్ దొరుకుతుంది. ఇంకా ఎక్కువ చెయ్యాలనే ఉత్సాహం ఉంటే ఆదివారాన్ని వదిలేసి బుధవారానికి ఇరవై నిమిషాలు కలపండి, ఎవరూ మెచ్చుకోకపోయినా రేసులో అది కనిపిస్తుంది.

తాగడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇదీ గంటల వ్యవహారమే. చెమట ఎంత పోతే అంతకంటే ఎక్కువ నీళ్ళు తాగితే మంచిదనే నమ్మకం ఇంకా ఉంది, అది ప్రమాదం, రక్తంలో ఉప్పు (సోడియం) పలచబడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో ఫినిష్ లైన్ దగ్గర 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉంది, రేసులో తాగినదానివల్ల బరువు పెరిగినవాళ్ళలో, నాలుగు గంటల కంటే ఎక్కువ టైమ్ పట్టినవాళ్ళలో ఆ రిస్క్ ఎక్కువని తేలింది. ఎక్కువసేపు రోడ్డు మీద ఉంటే తాగే అవకాశాలూ ఎక్కువే కదా. లాంగ్ రన్‌కి ముందూ తర్వాతా బరువు చూసుకోండి, కాస్త తగ్గితే మామూలే, పెరిగితే మాత్రం ఎక్కువ తాగుతున్నట్టు. జెల్స్‌కి వస్తే గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం మామూలు లెక్క, అది కూడా మొదటి అరగంట, ముప్పావుగంట నుంచే మొదలుపెట్టాలి, నీరసం వచ్చాక తింటే అది రక్తంలో కలిసేసరికి ఆలస్యమైపోతుంది. పేగులకి కూడా ట్రైనింగ్ కావాలి, అందుకే రేసులో తినబోయేదే లాంగ్ రన్‌లో తిని చూడాలి. ఒక్క విషయం మాత్రం బతిమాలి చెప్తున్నాను, పెయిన్‌కిల్లర్ వేసుకుని లాంగ్ రన్ లాగించకండి. ఇబుప్రొఫెన్ లాంటివి కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి, చెమట పోయి ఉన్న ఒంట్లో అది చాలా చేటు, పైగా ఆగిపొమ్మని చెప్పే నొప్పిని వినపడకుండా చేస్తాయి.

ఇదంతా రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇంట్లో పనులు, పిల్లలు, షిఫ్టులు చూసుకుంటూ పరిగెత్తేవాళ్ళకి, ముఖ్యంగా ఆడవాళ్ళకి, ఆదివారం పొద్దున నాలుగున్నర గంటలు బయట ఉండటం అంత తేలిక కాదు, 32 చెయ్యలేం కాబట్టి ఫుల్ మారథాన్ మనకి కాదులే అని హాఫ్ మారథాన్ దగ్గరే ఆగిపోయినవాళ్ళని ఎంతోమందిని చూశాను. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ పెట్టడానికే 1984 దాకా ఆగాల్సి వచ్చింది, అంత దూరం వాళ్ళ ఒంటికి తలకి మించిన పని అనే మాట అప్పటిదాకా నడిచింది, లాస్ ఏంజెలెస్‌లో జోన్ బెనాయిట్ 2:24:52లో ముగించి ఆ మాటకి జవాబు చెప్పింది. ఇవాళ ఒక అంకె పేరు చెప్పి మళ్ళీ ఎవర్నీ గుమ్మం దగ్గర ఆపెయ్యకూడదు. వారంలో మిగతా రోజులు క్రమం తప్పకుండా పరిగెడుతూ, ఆదివారం రెండున్నర మూడు గంటలు ఇవ్వగలిగిన ఎవరైనా ఫుల్ మారథాన్‌కి రెడీ అవ్వొచ్చు, నేను కళ్ళారా చూశాను.

కాబట్టి ప్లాన్లు రాసేవాళ్ళకి, గ్రూపులు నడిపేవాళ్ళకి నేను అడిగేది ఒకటుంది. నాలుగు గంటల్లోపు ముగించేవాళ్ళ కోసం రాసిన కిలోమీటర్ల పట్టికనే కాపీ చేసి ఐదు, ఆరు గంటలు పట్టేవాళ్ళ చేతిలో పెట్టకండి. ఆదివారం గడిలో దూరం తీసేసి టైమ్ రాయండి, "2 గంటల 40 నిమిషాలు, మాట్లాడుకుంటూ" అని, అడుగు తీరు మారితే ముందే ఆపొచ్చని దాని కిందే ఇంకో లైన్ రాయండి. అందరూ కలిసి బయల్దేరండి, సగం టైమ్ అవ్వగానే ఎవరున్న చోటినుంచి వాళ్ళు వెనక్కి తిరగండి, ఫాస్ట్‌గా వెళ్ళినవాళ్ళూ నెమ్మదిగా వెళ్ళినవాళ్ళూ ఇంచుమించు ఒకేసారి తిరిగొస్తారు, చివరొచ్చేవాళ్ళ కోసం నీళ్ళు సర్దేసి, బ్యాగులు సర్దేసి ఎదురుచూసే పని కూడా ఉండదు.